ప్రయోగాలు అయిపోయాయి, సీసాలు మిగిలాయి: టాయిలెట్లో పోసేయొచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరు బ్రాడీపేటలో అద్దె ఇల్లు. ఇంటర్ మొదటి సంవత్సరం అబ్బాయి సెలవుల్లో యూట్యూబ్ చూసి మేడ మీద గదిలో కెమిస్ట్రీ ప్రయోగాలు చేశాడు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి. మిగిలినవి: ఐదు లీటర్ల క్యాన్లో సగం దాకా నీలం నీళ్ళు, ఊదారంగు సీసాలు రెండు, నారింజ రంగు చిన్న సీసా, అడుగున పసుపు మడ్డి ఉన్న టెస్ట్‌ట్యూబులు, సీసాడు బాత్రూం యాసిడ్, పగిలిన థర్మామీటర్లోంచి ఏరిన పాదరసం, పదిహేను రోజుల కిందట ‘వెండి అద్దం’ ప్రయోగం చేసిన బీకరు, పేరు రాయని సీసా ఒకటి. ‘అన్నీ ఒక బకెట్లో పోసి బాగా నీళ్ళు కలిపి టాయిలెట్లో పోసేద్దామని మావారు అంటున్నారు. పక్కింటివాళ్ళు కాలవలో పారబొయ్యమంటున్నారు. ఏది చెయ్యమంటారు?’

నమస్తే అమ్మా. రెండూ వద్దు. ముఖ్యంగా ఆ బకెట్ ఆలోచన వెంటనే మానుకోమని మీవారికి చెప్పండి. నేను విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుని రిటైరైనవాణ్ణి. ప్రయోగం నడుస్తున్నప్పుడు పిల్లలు ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఉంటారు. గంట కొట్టాక, మిగిలినవన్నీ ఒకే సీసాలో వొంపేటప్పుడే కొంప మునిగేది. మీ జాబితానే చూడండి. ఊదారంగు సీసాల్లో ఉన్నది పొటాషియం పర్మాంగనేట్ అయివుండాలి. దాంట్లో బాత్రూం యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపేసిన బాత్రూంలో, బకెట్ మీదకి వంగి ఉన్న మనిషి రెండు శ్వాసల్లో ఊపిరాడక కూలబడతాడు. నీళ్ళు ఎన్ని కలిపితే అంత మంచిదన్నది నిజమే, కానీ ఒక్కో సీసా విడిగా ఉన్నప్పుడు మాత్రమే.

ఇవాళ మీరు చెయ్యాల్సింది ఒకటే, ఆ వెండి అద్దం బీకరు సంగతి. పేరు లేని సీసా గురించి చివర్లో చెబుతాను. మిగతావన్నీ వారం ఆగినా ఏం కాదు, బీకరు మాత్రం ఆగదు.

ఆ ప్రయోగంలో సిల్వర్ నైట్రేట్లో అమ్మోనియా కలుపుతారు. ఆ ద్రవాన్ని అప్పటికప్పుడు చేసుకుని, అప్పటికప్పుడు వాడి, ఆ పూటే నిర్వీర్యం చేసెయ్యాలి. నిలవుంచితే అడుగున నల్లటి మడ్డి చేరుతుంది. అది సిల్వర్ నైట్రైడ్. నిప్పు అక్కర్లేదు, ఎండక్కర్లేదు, తడిగా ఉండగానే కాస్త కదిపినా పేలగలదు. చాలా యూట్యూబ్ వీడియోలు గ్లాసు తళతళలాడగానే ఆగిపోతాయి, ఈ ముక్క చెప్పవు. మీ అబ్బాయి గ్లూకోజ్ కలిపాడా, అద్దం పూర్తిగా వచ్చిందా అని కనుక్కోండి. వచ్చేసి ఉంటే ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. పదిహేను రోజులైంది కాబట్టి ఆ బీకరుని ఎత్తకండి, కదపకండి, గీకకండి, కడగకండి. గది తాళం వేసి ఫైర్ స్టేషన్‌కి 101కి గానీ, 112కి గానీ ఫోన్ చెయ్యండి. ‘ఏదో కెమికల్ ఉందండి’ అంటే వాళ్ళకీ అర్థం కాదు. ‘అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్, పదిహేను రోజులుగా నిలవుంది, పేలే స్వభావం ఉన్న పదార్థం చేరి ఉండొచ్చు’ అని ఈ మాటలే చదివి వినిపించండి.

ఈ ప్రయోగం చెయ్యబోయే పిల్లలు ఇంకెవరైనా చదువుతుంటే, వాళ్ళ కోసం ఒక మాట: అద్దం రాగానే, అదే పూట, మిగిలిన ద్రవంలో చాలా నీళ్ళు పోసి, అమ్మోనియా వాసన పోయేదాకా వెనిగర్ కొద్దికొద్దిగా కలపాలి. ఆ తర్వాత ఉప్పునీళ్ళు పోస్తే వెండి అంతా విరిగిన పాలలా తెల్లగా అడుక్కి చేరుతుంది. అది సిల్వర్ క్లోరైడ్, దాంతో ఏ భయమూ లేదు. వెలుతురు తగిలితే బూడిదరంగులోకి తిరుగుతుంది, కంగారు పడక్కర్లేదు. వెనిగర్ ముందు, ఉప్పు తర్వాత. అమ్మోనియా ఉండగా ఉప్పు వేస్తే వెండి కరిగే ఉంటుంది, పని జరగదు.

ఇక మిగతా సీసాలు, ఆ బీకరు సంగతి తేలాక. మేడ మీద ఆరుబయట, పొద్దున్నే ఎండెక్కకముందు పెట్టుకోండి. పాత కాటన్ చొక్కా, చేతులు పూర్తిగా కప్పేది. సింథటిక్ చున్నీలు, వేలాడే కొంగులు వద్దు. మందుల షాపులో నైట్రైల్ గ్లౌజులు దొరుకుతాయి, హోటల్లో పార్సిల్ కట్టేవాళ్ళు వేసుకునే పల్చటి కవర్లు గ్లౌజులు కావు. కళ్ళకి గాగుల్స్, హార్డ్‌వేర్ షాపులో గ్రైండింగ్ చేసేవాళ్ళ కోసం అమ్మేవి చాలు. పక్కన నిండు బకెట్ మంచినీళ్ళు, మగ్గు. కంట్లో ఏది పడినా వెంటనే ధారగా నీళ్ళు, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, రెప్పలు తెరిచి పట్టుకుని, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి. ఒంటి మీద యాసిడ్ పడితే వంటసోడా రుద్దే వాళ్ళున్నారు. ఆ వేడికి కాలిన చోటే మళ్ళీ కాలుతుంది. నీళ్ళు చాలు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, 108కి ఫోన్ చేసి ఆ సీసా కూడా వెంట తీసుకెళ్ళండి.

మొదలెట్టే ముందు ఏది నిజంగా చెత్తో, ఏది కాదో వేరు చెయ్యండి. మిగిలిన బాత్రూం యాసిడ్ చెత్త కాదు, సరుకు. దాని సీసాలో అదే ఉండి, వేరే ఏదీ కలపకపోతే మూత బిగించి కొత్త ఇంటికి పట్టుకెళ్ళండి. అలాగే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పలుకులో, పర్మాంగనేట్ పొడో కొన్న ప్యాకెట్టులోనే మిగిలుంటే దగ్గర్లో స్కూలు ల్యాబ్‌లో అడగండి. లేబుల్ ఉండి, కల్తీ లేకపోతే తీసుకునేవాళ్ళుంటారు. ఒకసారి నీళ్ళలో కలిపాక మాత్రం ఎవరూ తీసుకోరు. అందుకే కలిపినవాటితోనే మన పని.

ముందు నీలం క్యాన్. పెద్ద స్ఫటికాలు పెంచుదామని మైలుతుత్తం కరిగించి ఉంటాడు. గుంటూరు జిల్లాలో ఇది పురుగుమందుల షాపులో మామూలుగా దొరికే సరుకే కాబట్టి మనకి దాని మీద భయం పోయింది. ‘పొలాల్లో తెగుళ్ళకి బోర్డో మిశ్రమం అని కిలోల లెక్కన కొడుతుంటే మా వంద గ్రాములు ఎంతండీ’ అని నన్ను అడిగినవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. బోర్డో మిశ్రమం ఒక శాతం అంటే వంద లీటర్ల నీళ్ళకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ఆ సున్నమే రాగిని కరగని రూపంలో కట్టేస్తుంది, అది ఆకుల మీదా మట్టిలోనూ ఉండిపోతుంది. మీరు టాయిలెట్లో పోసేది కరిగున్న రాగి. సెప్టిక్ ట్యాంక్ ఉన్న ఇల్లయితే ముందు అందులో మురుగుని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. కాలవలోకి వెళితే చేపలు. చాలా చేపలకి లీటరులో ఒక మిల్లీగ్రాము లోపు రాగే ప్రాణం మీదకి తెస్తుంది.

లెక్క చూడండి. వంద గ్రాముల మైలుతుత్తంలో పాతిక గ్రాముల రాగి ఉంటుంది. తాగునీటికి మన భారత ప్రమాణం లీటరుకి 0.05 మిల్లీగ్రాములు. మరో దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ మొదటి అంకెకి తేవాలంటే ఆ వంద గ్రాములకి 5 లక్షల లీటర్ల నీళ్ళు కావాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు వంద. ‘బాగా నీళ్ళు కలిపి పోసేద్దాం’ అన్నప్పుడు మీవారి ఉద్దేశం రెండు బకెట్లు అనుకుంటాను.

పని మాత్రం తేలిక, పైగా చూడ్డానికి బాగుంటుంది. మీ అబ్బాయి చేతే, మీరు పక్కనుండి చేయించండి. ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి, ఇనప బకెట్టూ అల్యూమినియం గిన్నే పనికిరావు. నీలం నీళ్ళు పోసి, ఒక చెంచా వెనిగర్ వేసి, ఇనుము వెయ్యండి. అంట్లు తోమే స్టీలు పీచు వాడమని విదేశీ వీడియోల్లో చెబుతారు. అక్కడ వాళ్ళ పీచు మామూలు ఇనుము. మన పీచు ఎక్కువగా స్టెయిన్‌లెస్, గంటల తరబడి వేసి ఉంచినా ఉలకదు పలకదు. గాల్వనైజ్ చెయ్యని మామూలు మేకులు వాడండి, లేదా ఆటోనగర్లో ఏ లేత్ షాపులో అడిగినా మిషన్ కింద రాలిన ఇనప పొట్టు ఊరికే ఇస్తారు. మేకుల కన్నా ఆ పొట్టే నయం. నూనె అంటి ఉంటే సబ్బునీళ్ళతో కడగండి. వంద గ్రాముల మైలుతుత్తానికి లెక్క ప్రకారం 22 గ్రాముల ఇనుము చాలు, కానీ పైన రాగి పొర కట్టి లోపలి ఇనుముకి నీళ్ళు అందవు కాబట్టి రెట్టింపు వెయ్యండి.

వేసిన నిమిషంలోనే ఇనుము ఎర్రబడుతుంది. కర్రతో అప్పుడప్పుడూ కలుపుతుంటే ఆ ఎర్ర పొర రాలి అడుగున బురదలా చేరుతుంది, పైన నీలం పల్చబడుతూ సాయంత్రానికో మర్నాటికో లేత ఆకుపచ్చలోకి వస్తుంది. ఆ ఆకుపచ్చ అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. రాగి మొత్తం దిగిందా లేదా అని కంటితో తేల్చకండి. తేట నీళ్ళు కాసిని గ్లాసులోకి తీసి, గరుకు కాగితంతో మెరిసేలా రుద్దిన కొత్త మేకు పది నిమిషాలు ముంచి తీయండి. మేకు ఎర్రబడితే ఇంకా ఉన్నట్టు, ఇంకాస్త ఇనుము వెయ్యండి. ఎర్రబడకపోతే అయిపోయినట్టు.

ఆ తేటని ఇంకో బకెట్లోకి వార్చి, సున్నం నీళ్ళో చాకలి సోడానో కొద్దికొద్దిగా కలపండి. మనకి పక్కనే పిడుగురాళ్ళ ఉంది, సున్నానికి కరువేముంది. ఎంత వెయ్యాలో తెలియడానికి పసుపు చాలు: తెల్ల కాగితం ముక్కలు పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టుకోండి, క్షారం సరిపోగానే కాగితం ఎర్రబడుతుంది. మురికి ఆకుపచ్చ మడ్డి కట్టి, గాలి తగిలేకొద్దీ తుప్పురంగులోకి తిరుగుతుంది. ఒక రాత్రి కదపకుండా ఉంచితే తేట పైకి వస్తుంది. ఆ తేటని కాస్త వెనిగర్‌తో సరిచేసి, ధారాళంగా నీళ్ళు వదులుతూ డ్రైనేజీలో పోసుకోవచ్చు. ఎర్ర బురద, ఈ మడ్డి రెండిటినీ పాత పంచె గుడ్డలో వడగట్టి ఆరబెట్టి, కవర్లో కట్టి, పేరు రాసి పక్కన పెట్టండి. ఆరబెట్టేటప్పుడు మీద వల కప్పండి. మన ఎండలకి పిచ్చుకలూ కాకులూ మేడ మీద తడి ఎక్కడుంటే అక్కడ మూతి పెడతాయి. నీలం నీళ్ళ పళ్ళెం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరుబయట వదలొద్దు.

ఊదారంగు సీసాలు ఇంత పని పెట్టవు. పర్మాంగనేట్‌ని ఒకప్పుడు తాగే బావుల్లోనే వేసేవాళ్ళు. కానీ చిక్కగా ఉన్నది ఊరికే పారబోస్తే గచ్చు మీద గోధుమరంగు మరకలు పడి ఇంటాయన మీ అడ్వాన్సులో కోస్తాడు. బకెట్ నీళ్ళలో కలిపి పల్చన చేసి, విటమిన్ సి మాత్రలు పొడిచేసి వెయ్యండి. కరిగున్న పర్మాంగనేట్ ఒక గ్రాముకి 500 మిల్లీగ్రాముల మాత్రలు ఆరేడు పడతాయి. ఒక నిమ్మకాయ కూడా పిండితే పని చురుగ్గా జరుగుతుంది. ఊదా పోయి నీళ్ళు తేటగానో, లేత గోధుమగానో అవుతాయి, అప్పుడు డ్రైనేజీలో పొయ్యొచ్చు. గచ్చు మీద ఇప్పటికే మరకలుంటే అవే మాత్రల నీళ్ళతో తుడిస్తే పోతాయి. ఒక జాగ్రత్త: ఇదంతా నీళ్ళలో కరిగినదానికే. పొడి పలుకుల మీద పంచదార, గ్లిజరిన్, స్పిరిట్ లాంటివి తగలనివ్వకండి. గ్లిజరిన్ చుక్క పడితే దానంతటదే మంట అంటుకుంటుంది. చెత్తబుట్టలో వేసిన కాగితం పొట్లం అలా అంటుకున్న సందర్భాలున్నాయి.

యాసిడ్‌ని ఎవరికీ ఇవ్వలేక, పట్టుకెళ్ళలేక పారబోయాల్సి వస్తే: ముందు బకెట్లో ఐదారు లీటర్ల నీళ్ళు, ఆ తర్వాత నీళ్ళలోకి యాసిడ్, సన్నని ధారగా. యాసిడ్‌లోకి నీళ్ళు ఎప్పుడూ వద్దు. ఆ పైన చాకలి సోడా చెంచా చెంచా వేస్తూ పోండి, బుసబుసా పొంగుతుంది, పొంగు ఆగాక ఇంకో చెంచా. ఇక్కడ పసుపు కాగితం పనికిరాదు, యాసిడ్‌లోనూ మంచినీళ్ళలోనూ అది పచ్చగానే ఉంటుంది. మందార పువ్వు నలిపిన రసం వాడండి. పులుపులో గులాబీ ఎరుపు, క్షారంలో ఆకుపచ్చ. ఎరుపు పోయేదాకా వేస్తే చాలు. ఇలా సోడా వేసినదాన్ని ఎప్పుడూ సీసాలో పోసి మూత బిగించకండి, గ్యాస్ ఇంకా వస్తూనే ఉంటుంది, సీసా పగులుతుంది. ఇంకొకటి. పారిశుధ్య సిబ్బంది కాలవల పక్కన బ్లీచింగ్ పౌడర్ చల్లి వెళతారు కదా, వీధి కాలవలో యాసిడ్ పోస్తే అది ఆ బ్లీచింగ్ మీద పడుతుంది. మళ్ళీ అదే క్లోరిన్, ఈసారి వీధి వీధంతా. ఇళ్ళలో కూడా టాయిలెట్ క్లీనరూ బ్లీచింగ్ పౌడరూ కలిపి ‘బాగా తెల్లబడుతుందని’ వాడేవాళ్ళున్నారు, అదీ ఇదే తంతు.

నారింజ సీసా దగ్గరికొచ్చేసరికి నా సలహా మారుతుంది. అది పొటాషియం డైక్రోమేట్ అయితే అందులో ఉన్నది ఆరు వేలన్సీ క్రోమియం, క్యాన్సర్ కారకం. ల్యాబ్‌లో మేము దాన్ని పులుపు చేసి, అన్నభేది కలిపి ఆకుపచ్చకి తెచ్చి, సున్నంతో మడ్డి కట్టిస్తాం. గ్రాము డైక్రోమేట్‌కి ఆరు గ్రాముల దాకా అన్నభేది పడుతుంది. పద్ధతి చెప్పాను కదా అని ఇంట్లో మొదలెట్టకండి. సగం మారి సగం మిగిలితే కంటికి తెలియదు. అలాగే మూత బిగించి పక్కన పెట్టండి. అబ్బాయి ‘అగ్నిపర్వతం’ ప్రయోగం కూడా చేశాడేమో అడగండి, నారింజ పొడి అంటిస్తే ఆకుపచ్చ బూడిద ఎగజిమ్మేది. చేసి ఉంటే ఆ గదిలో చీపురు వెయ్యొద్దు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని కవర్లో కట్టెయ్యండి. ఆ బూడిదలో మండని నారింజ పొడి ఎప్పుడూ కొంత మిగిలే ఉంటుంది.

ఈ క్రోమియం కొనకుండానే ఇంట్లోకి వచ్చే దారి ఇంకొకటుంది. స్టీలు చెంచాలు రెండు ఉప్పునీళ్ళలో పెట్టి బ్యాటరీ కలిపి ‘హైడ్రోజన్ తయారీ’ చేస్తారు. స్టెయిన్‌లెస్ స్టీల్లో క్రోమియం, నికెల్ ఉంటాయి, అవి నీళ్ళలోకి దిగుతాయి. నీళ్ళు పసుపుపచ్చగా, ముదురు బురదగా మారితే అది ఉత్త తుప్పు అనుకోకండి. అవి కూడా ఈ నారింజ సీసా పక్కనే పెట్టాలి. చెంచాల బదులు పెన్సిల్ ముల్లు వాడితే ఈ క్రోమియం గొడవ ఉండదు.

పసుపు మడ్డి టెస్ట్‌ట్యూబుల్లో ఉన్నది సీసం, అంటే లెడ్. లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ కలిపితే వచ్చే పసుపు, పదో తరగతి పాఠంలోనే ఉంది. టెస్ట్‌ట్యూబులు కడగకండి, మూతలు పెట్టి నిలబెట్టి డబ్బాలో సర్దండి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం దగ్గర కూర్చోవద్దు.

పాదరసానికి ముందు చేతి ఉంగరాలు, బంగారు గాజులు తీసెయ్యండి. పాదరసం బంగారాన్ని అంటుకుంటే తెల్లగా పట్టేస్తుంది, తుడిస్తే పోదు. ఏరినదాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, పైన కాసిని నీళ్ళు పోసి మూత బిగించండి. ఇంకా నేల మీద ఉందేమో రాత్రి లైటార్పి టార్చి నేలకి ఆనించి అడ్డంగా వేసి చూడండి, సందుల్లో ఉన్న పూసలు కూడా మెరుస్తాయి. రెండు అట్టముక్కలతో దగ్గరికి తోసి, మిగిలిన నలుసులు ప్లాస్టర్ టేపుకి అద్దండి. చీపురూ వద్దు, వ్యాక్యూమ్ క్లీనరూ వద్దు, రెండూ దాన్ని ఇంకా చిన్న పూసలు చేస్తాయి. కిటికీలు తెరిచి ఉంచండి. అది అంటిన బట్టలు వాషింగ్ మిషన్లో వెయ్యకండి.

దాచేటప్పుడు ఒక్కటే పట్టుబడతాను: కూల్‌డ్రింక్ సీసాల్లో, మంచినీళ్ళ సీసాల్లో ఏదీ పొయ్యొద్దు. ఇప్పటికే పోసి ఉంటే మార్చండి. సీసా మీద కాగితం అంటించి తెలుగులో పెద్దక్షరాలతో ‘విషం’ అని, కింద పదార్థం పేరు, తేదీ రాయండి. ఇంగ్లీషు ఫార్ములా మీ అబ్బాయికి తెలుస్తుంది, పనమ్మాయికి తెలియదు, చెత్తబండి మనిషికి తెలియదు. ఆయన కవరు చేత్తో ఎత్తి బండిలో అదిమి తొక్కుతాడు. లోపల యాసిడ్ సీసా ఉంటే పగిలి మొహాన పడేది ఆయనకే. సీసాలన్నీ కింద ఇసుక పోసిన ప్లాస్టిక్ తొట్టెలో నిలబెట్టండి, నేల మీదా మంచం కిందా కాకుండా ఎత్తులో. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు నేల మీద ఉన్నవన్నీ ఆ నీళ్ళలోనే కలిశాయి. ఆ నీళ్ళలోనే జనం నడిచారు.

ఇవన్నీ ఎవరికివ్వాలి? చట్టం ప్రకారం దారుంది. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు తడి చెత్త, పొడి చెత్తతో పాటు ఇంటి ప్రమాదకర వ్యర్థాలని మూడో రకంగా విడదీశాయి. పెయింట్ డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, పగిలిన పాదరసం థర్మామీటర్లు, పాత బ్యాటరీలు అందులోనే చేర్చారు. ఊళ్ళో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకి ఒకటి చొప్పున వీటిని తీసుకునే కేంద్రం మున్సిపాలిటీ పెట్టాలని కూడా రాశారు. 2021 అక్టోబరు 2న విజయవాడలో మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో ఇచ్చిన మూడు బుట్టల్లో ఎర్రది ఇందుకే. కానీ మీ సీసాలు ఎర్రబుట్టలో పడేసి చేతులు దులుపుకోకండి. వార్డు సచివాలయానికి వెళ్ళి శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీని కలిసి, జాబితా రాసిన కాగితం చేతికిచ్చి, ఎప్పుడు ఎక్కడ అప్పగించాలో అడగండి. సీసాలు వెంట తీసుకెళ్ళొద్దు, జాబితా చాలు. ‘సరే, బండిలో వేసెయ్యండి’ అనే జవాబు వస్తే ఒప్పుకోకండి. పాదరసం, క్రోమియం, సీసం అన్న మూడు పేర్లు చెప్పి శానిటరీ ఇన్‌స్పెక్టర్ దాకా అడగండి.

రెండో దారి, నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది, మీ అబ్బాయి చదివే కాలేజీయో, తెలిసినవాళ్ళున్న డిగ్రీ కాలేజీయో. కెమిస్ట్రీ లెక్చరర్‌తో మాట్లాడండి. వ్యర్థాలని పద్ధతిగా పంపించే ఏర్పాటు ఉందా అని ముందే అడగండి, ఎందుకంటే చాలా ఇంటర్ ల్యాబుల్లో సింకే ఏర్పాటు. పిల్లలకి పారబోసే అలవాటు యూట్యూబ్ నేర్పలేదు, మనమే నేర్పాం. మన రాష్ట్రంలో పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాల కోసం విశాఖ దగ్గర పరవాడలో కేంద్రం ఉంది. అది ఒక ఇంటి నుంచి రెండు సీసాలు తీసుకునేది కాదు. కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది, ఎక్కడా పని జరగకపోతే అక్కడ ఉత్తరం ఇవ్వొచ్చు. ఇల్లు ఖాళీ చేసేలోగా తేలకపోతే తొట్టెతో సహా కొత్త ఇంటికి మీరే తీసుకెళ్ళండి. ప్యాకర్స్ లారీలో వెయ్యొద్దు, ఇంటాయనకి వదిలేసి వెళ్ళొద్దు.

కాలవ సంగతి అడిగారు కాబట్టి: ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే బందరు, ఏలూరు, రైవస్ కాలవల్లో గానీ, మీ వైపు కాలవల్లో గానీ పారే నీళ్ళు సముద్రానికి చేరేలోపు ఎన్నో ఊళ్ళ మంచినీళ్ళ చెరువులకీ చేపల చెరువులకీ మళ్ళుతాయి. ఇక పక్కింటివాళ్ళకి ఏం చెప్పాలో మీకే తెలుసు.

వంటింట్లోంచి పైకి వెళ్ళిన గ్లాసులు, గిన్నెలు, చెంచాలు మళ్ళీ వంటింట్లోకి రానివ్వకండి. బాగా కడిగినా వద్దు. వాటి మీద మేకుతో గీత గీసి ప్రయోగాల డబ్బాలోనే ఉంచండి. అబ్బాయి వేళ్ళ మీద నల్లమచ్చలుంటే అది సిల్వర్ నైట్రేట్, కొద్ది రోజుల్లో చర్మంతో పాటే పోతుంది, రుద్దొద్దు.

మిగిలింది పేరు లేని సీసా. మూత తియ్యకండి, వాసన చూడకండి, దేంట్లోనూ కలపకండి. మూత చుట్టూ పలుకులు పేరుకుని ఉన్నా, సీసా ఉబ్బి ఉన్నా చెయ్యి కూడా వెయ్యకండి, బీకరు కోసం ఫైర్ వాళ్ళు వచ్చినప్పుడు ఇదీ చూపించండి. అలా లేకపోతే అబ్బాయిని కూర్చోబెట్టి, తిట్టకుండా అడగండి. తిడితే గుర్తున్నది కూడా గుర్తులేదంటాడు. ఏ వీడియో చూశాడు, ఏ షాపులో ఏమేం కొన్నాడు, ఆ వారంలో ఏ ప్రయోగాలు చేశాడు, ఫోన్లో పాత ఫోటోలు ఉన్నాయా అని. అసిటోన్ గానీ నెయిల్ పాలిష్ రిమూవర్ గానీ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపాడా అన్నది తప్పకుండా అడగండి, అవునంటే ఆ సీసా కూడా బీకరు లెక్కలోకే వస్తుంది. ద్రవం రంగు, ఎంతుంది, గాజా ప్లాస్టిక్కా, అడుగున మడ్డి ఉందా, ఇవి రాసి పెట్టండి, చూసి చెబుతాను. ఫైర్ వాళ్ళతో మాట్లాడాక బీకరు సంగతి ఏమైందో కూడా రాయండి.